‘నేనెవరు’ అడిగిన మనిషి: శివప్రకాశం పిళ్ళై

సభకు నమస్కారం.

అరుణాచలం వెళ్ళివచ్చిన తెలుగువాళ్ళ ఇళ్ళలో, విభూతి పొట్లం పక్కనో పుస్తకాల అలమరలోనో, ఒక పల్చటి పుస్తకం తరచుగా కనబడుతుంది. గిరిప్రదక్షిణ ముగించుకొని, రమణాశ్రమంలో కాసేపు కూర్చొని, బయటికి వచ్చేటప్పుడు ఆశ్రమం పుస్తకాల కొట్లో చేతికందిన చిన్న పుస్తకమని దాన్ని కొనుక్కుంటారు. ‘నేనెవరు’ అనే ఆ పుస్తకం రమణ మహర్షి బోధకు తలవాకిలి వంటిదని పెద్దలు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే అందులో జవాబులు చెప్పినవారి పేరు అందరికీ తెలుసు గానీ, ప్రశ్నలు అడిగి, ఆ జవాబులను రాసి దాచి, ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అచ్చుకు ఇచ్చిన మనిషి పేరు పీఠిక చదివే ఓపిక ఉన్నవాళ్ళకే తెలుసు. ఆయన ఎం. శివప్రకాశం పిళ్ళై. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆయన గురించి.

ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. నేను వేదాంతం బోధించగలవాణ్ణి కాను, చాలా ఏళ్ళు అచ్చు ప్రూఫులు దిద్దుతూ బతికినవాణ్ణి. అందువల్ల ఏ గ్రంథం చేతికి వచ్చినా, ఎవరు చెప్పారన్న దానికంటే ముందు ఎవరు నకలు తీశారు, ఎవరు అచ్చు వేయించారు, ఈ చేతి నుంచి ఆ చేతికి మారేటప్పుడు ఏం చేరింది, ఏం జారింది అని వెతకడం నాకు వృత్తి దోషంగా అబ్బింది. ఈ పుస్తకం విషయంలో ఆ దోషమే నన్ను పిళ్ళై దగ్గరికి తీసుకుపోయింది.

పిళ్ళై 1875లో పుట్టారు. తత్త్వశాస్త్రంలో పట్టభద్రులు. చదువుకునే రోజుల నుంచే ‘నేను’ అని మనం దేన్ని అంటున్నామన్న ప్రశ్న ఆయన్ని పట్టుకొని ఉండేది. జీవనం కోసం మాత్రం దక్షిణ ఆర్కాటు జిల్లా కలెక్టరు కచేరీలో, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసేవారు. అప్పట్లో తిరువణ్ణామలై ఆ జిల్లా కిందిదే కనుక, 1902లో కచేరీ పని మీద ఆ ఊరు వచ్చినప్పుడు, కొండ మీద ఒక గుహలో మాట్లాడని యువకస్వామి ఉన్నాడని విని పైకి వెళ్ళారు. ఆ స్వామి 1896 సెప్టెంబరు 1న మదురై నుంచి అరుణాచలం చేరిన వేంకటరామన్. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు, వచ్చిన రెవెన్యూ ఉద్యోగి వయస్సు సుమారు ఇరవై ఏడు. ‘భగవాన్ శ్రీ రమణ మహర్షి’ అన్న పేరు ఇంకా పుట్టలేదు. ఆ పేరు పెట్టింది మన విజయనగరం ప్రాంతంలోని కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని, అదీ 1907లో. కాబట్టి పిళ్ళై కొండ ఎక్కింది ఏ మహర్షి కీర్తినో విని కాదు, తన కంటే చిన్నవాడైన ఒక కౌపీనధారిని చూడటానికి.

విరూపాక్ష గుహ మీలో చాలామంది చూసే ఉంటారు. పెద్ద గుడి వెనక వీధుల నుంచి మొదలయ్యే రాతి మెట్ల దారిలో ఆయాసపడుతూ ఎక్కితే, బండలకు ఆనించి కట్టిన చిన్న కట్టడంలా కనబడుతుంది. లోపలికి వెళ్ళాలంటే తల వంచాలి. ఎదురుగా, ఆ గుహకు పేరిచ్చిన విరూపాక్ష దేవుల సమాధి, తిన్నె మీద విభూతి ముద్దలా ఉంటుంది. గాలి కదలదు. బయట ఎండ ఎంత ఉన్నా లోపల చీకటి కళ్ళకు అలవాటు కావడానికి కొంతసేపు పడుతుంది. పట్టుమని పది మంది కూర్చుంటే నిండిపోయే చోటు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ ధ్యానానికి ప్రయత్నించలేదు. మాట్లాడని మనిషి ఒకరు, అడగాల్సినవి మూటగట్టుకొని వచ్చిన మనిషి ఒకరు, ఇంత ఇరుకులో ఎదురెదురుగా కూర్చుంటే ఆ సంభాషణ ఎలా నడిచి ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

నడిచిన తీరు గ్రంథాల్లో ఉంది. స్వామి మౌనవ్రతం అని పట్టలేదు, ఆయనకు మాట్లాడాలని అనిపించలేదు, అంతే. పిళ్ళై నోటితో అడిగేవారు. స్వామి సైగలతో చెప్పేవారు. సైగ అర్థం కాకపోతే రాసి చూపించేవారు. నేల మీద, పలక మీద, ఏది అందితే దాని మీద. అలా పద్నాలుగు ప్రశ్నలకు జవాబులు వచ్చాయని, వాటిని గుర్తుంచుకొని రాసిపెట్టుకున్నది పిళ్ళైయేనని ‘నేనెవరు’ పీఠికలు చెబుతున్నాయి. ఒక్కసారి ఆలోచించండి. నేల మీద రాసింది చెయ్యి తుడిస్తే పోతుంది, పలక మీది రాత తడిగుడ్డతో పోతుంది. ఈ బోధకు మూలప్రతి అన్నది ఏనాడూ లేదు. అది మిగిలిందంటే, చూసిన మనిషి వెంటనే కాగితం మీద పెట్టుకోవడం వల్లనే మిగిలింది. ఇక్కడ ఆయన ఉద్యోగం కూడా అక్కరకు వచ్చిందని నా అనుమానం. రెవెన్యూ కచేరీలో పనిచేసేవాడికి రాతలో లేని మాటకు విలువ లేదని ఒంటికి పట్టి ఉంటుంది.

మొదటి ప్రశ్నే ‘నేనెవరు’. ఆ ఒక్క వాక్యం తమిళంలో ‘నాన్ యార్’. తమిళంలో ‘యార్’ అంటే ఆడ, మగ, చిన్న, పెద్ద తేడా ఏమీ రాదు. తెలుగులోకి తెచ్చేటప్పుడే చిక్కంతా. ‘నేనెవడను’ అంటే మగవాడు అడిగినట్టు అవుతుంది. ‘నేనెవతెను’ అని ఎవరూ అనరు. ‘నేనెవరు’ అంటే తనకు తాను మర్యాద ఇచ్చుకున్నట్టు ఉంటుంది. మొత్తానికి మూడో దానితో సరిపెట్టుకున్నాం. ప్రశ్న దగ్గర తెలుగు ఇంత ఇబ్బంది పెట్టినా, జవాబు దగ్గర మాత్రం మన పక్షానే నిలిచింది. స్వామి రాసిన జవాబు ‘అఱివే నాన్’. ఆ ‘అఱివు’ను సంస్కృతంలో జ్ఞానమనీ, చైతన్యమనీ తిప్పుకోవలసిన అవసరం మనకు లేదు. తమిళ ‘అఱి’, తెలుగు ‘ఎఱుగు’ ఒకే తల్లి బిడ్డలు. ‘ఎరుకే నేను’. మన తత్త్వాలు పాడుకునే పల్లెటూరి మనిషికి కూడా ఆ వాక్యం వివరించి చెప్పనక్కర లేదు.

ఇప్పుడు ప్రూఫులు దిద్దేవాడి కంటికి తగిలే సంగతికి వస్తాను. ఈనాడు మనం చదివే పుస్తకంలో ‘నేనెవరు’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అంత చిన్నది కాదు. సప్తధాతువులతో ఏర్పడిన స్థూలదేహం నేను కాదు, అయిదు జ్ఞానేంద్రియాలు నేను కాదు, కర్మేంద్రియాలు నేను కాదు, ప్రాణాది పంచవాయువులు నేను కాదు, తలచే మనస్సు నేను కాదు, విషయాలేవీ లేక వాసనలు మాత్రమే మిగిలి ఉండే అజ్ఞానస్థితి కూడా నేను కాదు అంటూ ఒక పెద్ద జాబితా నడిచి, ఇవన్నీ ‘నేను కాదు’ అని తోసివేశాక మిగిలే ఎరుకే నేను అని ముగుస్తుంది. చదివేటప్పుడు ఇది వేదాంత ప్రకరణ గ్రంథాల్లో మనం ఎన్నోసార్లు చూసిన ధోరణి అనిపిస్తుంది. అవును, అదే. రమణ సాహిత్యాన్ని దగ్గరగా చూసిన పెద్దలు చెప్పే కథనం ప్రకారం ఆ జాబితా స్వామి రాసింది కాదు. నకలు రాసుకునేటప్పుడు, తనకు అప్పటికే పరిచయమైన ‘నేతి నేతి’ పద్ధతిని, విషయం ఇంకా విశదం కావడానికి, పిళ్ళై మధ్యలో చేర్చుకున్నారు. తరువాత ఎప్పుడో ఆ వ్రాతప్రతి మహర్షి చేతికి వచ్చినప్పుడు, ఇది నేను చెప్పలేదే, ఎలా వచ్చిందని ఆయన ఆశ్చర్యపడ్డారట. సంగతి తెలిశాక, పిళ్ళై మనస్సు ఆ పద్ధతికి అలవాటుపడింది కనుక అలా రాసుకున్నాడని అని, కొట్టివేయకుండా వదిలేశారట.

మన భాషలో దీనికి ‘ప్రక్షిప్తం’ అని చక్కటి మాట ఉంది. భారతంలో ప్రక్షిప్తాలు, వేమన పద్యాల్లో ప్రక్షిప్తాలు అంటూ తెలుగు పండితులు తరాల తరబడి ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నారో మీకు చెప్పనక్కర లేదు. మామూలుగా ప్రక్షిప్తం అనగానే దొంగచాటుగా దూరినదని, గుర్తించి ఏరివేయాలని అనుకుంటాం. ఈ ప్రక్షిప్తం జాతి వేరు. చేర్చిన మనిషి ఎవరో తెలుసు, ఎందుకు చేర్చాడో తెలుసు, మూలకర్త బతికి ఉండగానే ఆయన కంట పడింది, ఆయనే ఉండనిచ్చాడు. ఏ పరిష్కర్తకూ ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదు. నేను మాత్రం దాన్ని తప్పు అనడానికి సిద్ధంగా లేను. రెండు మూడు మాటల్లో ‘ఎరుకే నేను’ అని పలక మీద కనబడగానే, చదువుకున్న ఒక మనిషి బుద్ధి ఏం చేస్తుంది? ఆ మాటను పట్టుకోవడానికి తనకు తెలిసిన మెట్లన్నీ కట్టుకుంటుంది. దేహం కాదు, ఇంద్రియం కాదు, మనస్సు కాదు అని ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతే గానీ ఆ మాట దగ్గరికి చేరలేనని దానికి తోస్తుంది. పిళ్ళై రాసుకున్నది తాను ఆ మాట దగ్గరికి నడిచిన దారి. స్వామి ఒక్క అడుగులో చెప్పింది, ఆయన మెట్లు మెట్లుగా అందుకున్నది, రెండూ ఒకే పేరాలో ఉండిపోయాయి.

పోల్చి చూడటానికి అదే గుహలో, దాదాపు అవే సంవత్సరాల్లో ఇంకొక ప్రశ్నకర్త ఉన్నాడు. గంభీరం శేషయ్య, తిరువణ్ణామలై మునిసిపాలిటీలో ఓవర్సీరు. రామభక్తుడు, యోగం మీద మక్కువ ఉన్నవాడు. వివేకానందుల యోగోపన్యాసాలూ, రామగీత ఆంగ్లానువాదమూ చదువుతూ, అర్థం కాని చోట్ల పుస్తకం పట్టుకొని కొండ ఎక్కేవాడు. స్వామి చిన్నచిన్న కాగితపు ముక్కల మీద వివరణ రాసి ఇచ్చేవారు. 1900 నుంచి 1902 వరకు అలా పోగైన ముక్కలను శేషయ్య నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. ఆయన పోయిన తర్వాత ఆ కాగితాలు సోదరుడి ద్వారా ఆశ్రమానికి చేరాయి, రమణుల శిష్యులు నటనానందులు వాటిని క్రమంలో పెట్టారు, ‘విచార సంగ్రహం’ అనే పుస్తకమైంది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. జవాబులు చెప్పింది ఒక్కరే. కానీ విచార సంగ్రహంలో ప్రాణాయామం ఉంది, అష్టాంగయోగం ఉంది, ఆ చుట్టూ తిరిగే చర్చ ఉంది. ‘నేనెవరు’లో ప్రాణాయామం ప్రస్తావన వచ్చినా మాట మళ్ళీ మళ్ళీ ఆ ఒక్క ప్రశ్న దగ్గరికే తిరిగి వస్తుంది. శేషయ్య తన పుస్తకాలను మోసుకొని వెళ్ళాడు, పిళ్ళై తన ప్రశ్నను మోసుకొని వెళ్ళాడు. స్వామి ఎవరు తెచ్చిన దానిలోంచి వారికి విప్పి చూపారు. శేషయ్యను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయన కాగితపు ముక్కలు పారేయకుండా దాచకపోతే ఆ తొలి సంవత్సరాల స్వామి చేతిరాతలో సగం మనకు దక్కేది కాదు.

తిరిగి పిళ్ళై దగ్గరికి వద్దాం. 1902లో జవాబులు దొరికాయి కదా, ఇక ఆయన జీవితం కుదుటపడిందని అనుకుంటే పొరపాటు. 1910లో, ఉద్యోగం సాధనకు అడ్డంగా ఉందని, కుటుంబం గడవడానికి తగిన ఆధారం ఉందని దానికి రాజీనామా ఇచ్చారు. అసలు పరీక్ష మూడేళ్ళ తర్వాత వచ్చింది. భార్య చనిపోయింది. ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలా వద్దా? మనస్సులో ఒక అమ్మాయి కూడా ఉంది. చేతిలో పెళ్ళికి చాలినంత డబ్బు లేదు. ‘నేనెవరు’ అని పదకొండేళ్ళ కింద అడిగి జవాబు రాసుకున్న మనిషికే ఈ సందేహం.

అప్పుడాయన చేసిన పని నాకు ఆయన మీద ఎంతో ప్రేమ కలిగించింది. చిన్నప్పటి నుంచి కొలిచే విఘ్నేశ్వరుడి గుడికి వెళ్ళి, నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి ఆ దేవుడి ముందు పెట్టారు. లోకంలో నా చింతలన్నీ తీరడానికి ఏం చేయాలి? నేను అనుకుంటున్న అమ్మాయితో పెళ్ళి జరుగుతుందా? జరగకపోతే ఎందుకు జరగదు? జరిగేట్టయితే కావలసిన డబ్బు ఎలా సమకూరుతుంది? ఇది ప్రార్థనలా ఉందా, అర్జీలా ఉందా చెప్పండి. మొదటి అంశం సామాన్యం, రెండోది కోరిక, మూడోది తిరస్కరిస్తే కారణం తెలుపవలెనని, నాలుగోది నిధుల సంగతి. ఉద్యోగం వదిలి మూడేళ్ళయినా కచేరీ అలవాటు పోలేదు. జవాబు రాతలో రావాలని, లేదా ఏదో ఒక సూచన కనబడాలని రాత్రంతా మేలుకొని ప్రార్థించారు. తెల్లవారింది. కాగితం ఎలా పెట్టింది అలాగే ఉంది.

పలక మీద జవాబు రాసిచ్చిన స్వామి ఉండనే ఉన్నాడు కదా అని మళ్ళీ విరూపాక్ష గుహకు వెళ్ళారు. వెళ్ళి, రోజులు గడిపారు గానీ ఈ నాలుగు ప్రశ్నలూ అడగలేకపోయారు. అంత సొంత విషయం పదిమందిలో ఎలా ఎత్తుతారు? పైగా ఆ మనిషిని చూస్తూ కూర్చుంటే జవాబు ఏమై ఉంటుందో కొద్దికొద్దిగా తెలుస్తూనే ఉంది. రమణులు ఎవరినీ సంసారం వదలమని చెప్పినవారు కారు. అయితే విధి తానుగా విడిపించిన మనిషిని మళ్ళీ వెళ్ళి కట్టుకోమనడం ఆయన తీరుకు సరిపడదని పిళ్ళైకి అర్థమవుతూ వచ్చింది. అడగకుండానే వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాక, 1913 మే 4న, ఇతరులతో కలిసి స్వామి ఎదుట కూర్చొని ఉండగా, స్వామి చుట్టూ కళ్ళు చెదిరే కాంతి వలయం కనబడిందనీ, ఆయన శిరస్సు నుంచి బంగారు శిశువు ఒకటి వెలువడి మళ్ళీ లోపలికి పోవడం చూశాననీ పిళ్ళై చెప్పుకున్నారు. పిళ్ళై కన్నీరు మున్నీరయ్యారు. పక్కనున్నవాళ్ళకు ఏమీ కనబడలేదు. తర్వాత స్నేహితులకు చెబితే వేళాకోళం చేశారు. ఆ దర్శనం నిజమా భ్రమా అన్న వాదంలోకి నేను దిగను, దిగే అర్హత నాకు లేదు. నాకు పట్టేది దాని ఫలితం. ఆయన పెళ్ళి చేసుకోలేదు. నాలుగు ప్రశ్నల కాగితం సంగతి ఇక ఎక్కడా రాలేదు.

ఎక్కడా రాలేదన్నాను గానీ, ఒక చోట వచ్చింది. అక్కడికే వద్దామని ఇంతసేపూ చెబుతున్నాను. 1923లో ‘నేనెవరు’ మొదటిసారి అచ్చయింది. వేయించింది పిళ్ళైయే. అప్పటికి కాలం మారింది. స్వామి విరూపాక్ష గుహ నుంచి 1916లో స్కందాశ్రమానికి మారారు. తల్లి అళగమ్మ 1922 మేలో దేహం చాలించారు, ఆమె సమాధి చోటనే కొండ దిగువన ఆశ్రమం అప్పుడప్పుడే మొదలైంది. మాట్లాడని స్వామి ఇప్పుడు మాట్లాడుతున్నారు. వేలూరులో ఎస్. నరసింహయ్య అనే, తెలుగు నేర్పే మున్షీ వల్ల 1911లో ఫ్రాంక్ హంఫ్రీస్ అనే పోలీసు అధికారి వచ్చి చూసి, తాను విన్న మాటలు రాసి పంపితే ఇంగ్లండులో ఒక పత్రికలో వచ్చాయి. కావ్యకంఠులు రమణగీత రాశారు. కానీ సాధకుడి చేతిలో పెట్టి ‘ఇదీ ఆత్మవిచార మార్గం’ అని చెప్పగలిగే చిన్న పుస్తకం లేదు. పిళ్ళై ఇరవై ఒక్క ఏళ్ళు దాచుకున్న రాతను బయటికి తీశారు.

అయితే ఆ తొలి ముద్రణలో ఆ ప్రశ్నోత్తరాలు ఒంటరిగా రాలేదు. వాటితో పాటు పిళ్ళై తాను రాసిన పద్యాలు కూడా వేశారు. అవి తమిళంలో ‘అగవల్’ అనే ఛందస్సులో ఉన్నాయి. ఔవైయార్ వినాయక స్తుతి వల్ల తమిళుల ఇళ్ళలో పిల్లలకు కూడా చెవికి పరిచయమైన నడక అది. మన ద్విపదలా ఆగకుండా చెప్పుకుంటూ పోవడానికి వీలైనది. వాటిలో తన సందేహాలు ఎలా తీరాయో, జీవితంలో వచ్చిన చిక్కు నుంచి గురువు అనుగ్రహం తనను ఎలా గట్టెక్కించిందో ఆయన చెప్పుకున్నారు. అంటే, గురువు బోధను మొదటిసారి లోకం ముందు పెడుతూ, అదే అట్టల మధ్య తన బలహీనతను కూడా పెట్టుకున్న మనిషి ఈయన. నేను చూసినంతలో, గురువు పుస్తకం అచ్చు వేయించే శిష్యులు సామాన్యంగా తమ గురించి రాసుకునేది పీఠికలో, అదీ తమ సేవ గురించి. పెళ్ళి సందేహంతో వినాయకుడి ముందు కాగితం పెట్టి భంగపడిన వైనం పాఠకులకు చేరాలని కోరుకునే ప్రకాశకుడు అరుదు.

తర్వాతి ముద్రణలు ఈ రెండింటినీ విడదీశాయి. ప్రశ్నోత్తరాలు పెరిగాయి, కొన్ని ముద్రణల్లో ఇరవై ఎనిమిది, కొన్నింట్లో ముప్పై. పద్యాలు వేరే దారి పట్టాయి, ఆయన రాసిన ‘రమణ పదమాలై’ వంటివి భక్తుల పాటల్లో చేరాయి. బోధ చేతికి అందుబాటులో ఉండాలంటే అలా విడదీయక తప్పదు. అయినా ప్రూఫులు దిద్దేవాడిగా నాకొక వెలితి. పద్నాలుగు ప్రశ్నలూ నాలుగు ప్రశ్నలూ ఒక్క చేతి రాతే. మొదటి వాటికి రాతలో జవాబు వచ్చింది, రెండో వాటికి కాగితం ఖాళీగానే మిగిలింది. రెండూ కలిపి చదివితే, ‘నేనెవరు’లో మనస్సు గురించి, తలపుల గురించి చెప్పిన మాటలు ఒక విధురుడు ఒక అమ్మాయి గురించీ డబ్బు గురించీ తలపోసుకుంటున్న ఇంట్లోకి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు అవి శాస్త్రంలా వినబడవు.

తన గురించి ఆయన పద్యాల్లో ఎంత కఠినంగా మాట్లాడుకున్నారంటే, అది రమణుల సభలోనే చర్చకు వచ్చింది. 1935 నుంచి 1939 వరకు ఆశ్రమ సంభాషణలను గ్రంథస్తం చేసిన మన మునగాల వేంకటరామయ్య గారు ఆ ముచ్చట రాసి ఉంచారు. శివప్రకాశం పిళ్ళై అంత మంచివాడు, అంత భక్తుడు, అంత కాలంగా శిష్యుడు. ఆయనే భగవాన్ చెప్పింది ఆచరణలో పెట్టలేకపోయానని పద్యంలో రాసుకుంటే ఇక మాబోటివాళ్ళ గతేమిటని ఒకరు అడిగారు. ఆచార్యులు కూడా దేవతలను స్తుతించేటప్పుడు అలాగే అంటారు, లేకపోతే దేవుణ్ణి ఎలా స్తుతించడం అని రమణులు అన్నారు. ఆచార్యులంటే శంకరులు. జవాబు చెప్పి భగవాన్ నవ్వారని మునగాల వారు రాశారు.

ఆ జవాబులో ప్రశంస ఉంది, ఊరడింపు ఉంది. ఇంకొక సంగతి కూడా ఉందని నాకనిపిస్తుంది. ఆ అడిగినవారు పిళ్ళైని వెనకటి తరం పెద్దభక్తుడిగా, తమకు కొలమానంగా చూశారు. అప్పటికే ఆయన చుట్టూ అలాంటి గౌరవం ఏర్పడింది. ఆయన మాత్రం ఆశ్రమంలో ఏ అధికారమూ కోరుకోలేదు, ‘నేనెవరు’ నా పుస్తకమని ఎక్కడా అనుకోలేదు. 1948 జనవరి 12న కన్నుమూశారు. వార్త విన్న రమణులు, శివప్రకాశం శివప్రకాశమయ్యాడు అన్నారు. తమిళంలోనూ తెలుగులోనూ ఆ శ్లేష ఒకేలా పలుకుతుంది కనుక దానికి అనువాదం అక్కర లేకపోయింది.

ఇక చివరి మాట ఒక ముద్రణ సంగతి. ప్రశ్నోత్తరాలుగా ఉన్న ‘నేనెవరు’ను 1920ల్లో రమణులే స్వయంగా వ్యాసరూపంలోకి తిరగరాశారు. ఈనాడు రమణుల గ్రంథసంపుటిలో కనబడే రూపం అదే. జీవులన్నీ దుఃఖం లేని సుఖాన్నే కోరుతాయని మొదలయ్యే తొలి పేరా ఆయన అప్పుడు కొత్తగా రాసింది, ఏ ప్రశ్నకూ జవాబు కాదు. వ్యాసం కావడంతో ప్రశ్నలన్నీ తీసేశారు. పిళ్ళై గుహలో కూర్చొని అడిగిన మాటల్లో ‘నేనెవరు’ అన్న ఒక్కటి తప్ప, అడిగిన రూపంలో ఏదీ మిగల్లేదు. కానీ రెండో పేరా చూడండి. సప్తధాతువుల స్థూలదేహం నేను కాదు, జ్ఞానేంద్రియాలు నేను కాదు, ప్రాణాలు నేను కాదు, మనస్సు నేను కాదు. పిళ్ళై తన నోటుపుస్తకంలో చేర్చుకున్న ఆ జాబితా మొత్తం, మహర్షి తన చేత్తో తిరగరాసిన ప్రతిలో అలాగే ఉంది. కొన్ని ముద్రణల్లో మాత్రం, చదివేవారు గమనించడానికి, 1902లో స్వామి నిజంగా రాసిన మాటలను బోల్డు అక్షరాల్లో వేస్తారు. పిళ్ళై మాటలు వాటి చుట్టూ మామూలు అక్షరాల్లో ఉంటాయి.